ప్యాకింగ్ చెక్కల బోను

రాయపూర్ పక్క ఉర్లా ఫ్యాక్టరీలకు మిషన్లు వచ్చే పెట్టెలుంటాయి చూడండి, ఆ చెక్కలతో చేసిన బోను అది. తేలిక చెక్క, మేకు కాస్త వంకరగా దిగితే నిలువునా చీలిపోయేది, అందుకని మా వీధి వడ్రంగి ముందు సన్నటి బరమాతో చిల్లు పెట్టుకుని, మేకును కొబ్బరినూనెలో ముంచి కొట్టేవాడు. పైన రెడ్ ఆక్సైడ్ పూసి, అది ఆరాక వార్నీషు పట్టించినా ముందు పలక మీది గొడుగు బొమ్మా, పైకి చూసే రెండు బాణాలూ మాత్రం పోలేదు. తడవనీయొద్దు, తలకిందులు చేయొద్దు అని చెప్పే ఆ నల్లటి గుర్తుల వెనక నిలబడే బీర్‌గావ్‌లో మావాళ్ళు ఒక నాటకంలో, ఒక నిజమైన హత్యకు తెలుగులో సాక్ష్యం చెప్పారు.

బీర్‌గావ్‌లో తెలుగేమిటని ఇప్పటి వాళ్ళు అడుగుతారు. 1931లో విజయనగరం నుంచి రాయపూర్‌కు రైలు మార్గం పడ్డాక ఆ లైను వెంట మనుషులు కదిలారు. పార్వతీపురం, బొబ్బిలి, సాలూరు చుట్టుపక్కల ఊళ్ళలో వానలు మొహం చాటేసిన ఏడాదల్లా ఎవరో ఒకరు టిట్లాగఢ్ మీదుగా ఎక్కి వచ్చేవారు. ముందొచ్చినవాళ్ళు రైల్వేలో ఖలాసీలై, వ్యాగన్ రిపేర్ షాపులో ఫిట్టర్లై, క్వార్టర్లు సంపాదించుకున్నారు. వెనకొచ్చిన తమ్ముళ్ళకూ బావమరుదులకూ ఆ అదృష్టం లేదు, వాళ్ళు ఉర్లాలో ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు కింద హాజరీ వేయించుకుని, బీర్‌గావ్‌లో పెంకుటిళ్ళ వాటాల్లో నలుగురైదుగురు కలిసి ఉండేవారు. ఉదయం పూట వీధి మొగలో పోహా మీద సేవ్ చల్లే చప్పుడు, రోలింగు మిల్లుల వైపు నుంచి కాలిన ఇనుము వాసన, ఫర్నేస్ ఆయిల్ వాసన, ఇంట్లో చింతపండు పులుసు వాసన. బట్టలు ఆరేసిన తీగ మీద వేలు పెట్టి రాస్తే నల్లగా అంటుకునే మసి. ఆ మసిని తలుచుకుని బెంగపడేదేమీ లేదు. మా బాబాయి ఊపిరితిత్తుల్లో కూడా అదే చేరింది.

నాటకం ఏటా వినాయక చవితి పందిట్లో ఉండేది. మొదట్లో హరిశ్చంద్ర కాటిసీను, చింతామణి, హార్మోనియం పెట్టెను ఊరి నుంచి రైల్లో గోనెపట్టా చుట్టి తెచ్చుకుని పద్యాలు పాడుకున్నారట. నాకు ఊహ తెలిసేసరికి సాంఘికాలు వచ్చాయి, పరిషత్తుల్లో బహుమతులొచ్చిన నాటకాల పుస్తకాలు ఎవరో విజయనగరం వెళ్ళినప్పుడు తెచ్చేవారు. రిహార్సళ్ళు రాత్రి తొమ్మిది తర్వాత, బి షిఫ్టువాళ్ళు వచ్చేదాకా సగం, వచ్చాక సగం. ముందు తెర ఎర్ర వెల్వెట్టు, దాని అంచుకు ఎలుకలు కొట్టిన చోట మా అమ్మవాళ్ళు వేసిన మాసికలు. మేకప్ పెట్టె మూత తీస్తే జింకు పొడి, స్పిరిట్ గమ్, పాతబడిన కొబ్బరినూనె కలిసిన ఒక ఘాటు. సెప్టెంబరు ఉక్కలో అతికించిన క్రేపు మీసాలు రెండో అంకానికి ఒక పక్క ఊడి వేలాడేవి, నటుడు డైలాగు చెబుతూనే బొటనవేలితో నొక్కుకునేవాడు, దాన్నెవరూ తప్పుగా చూసేవారు కాదు.

ఆ బోను నాటకం రాసింది మాస్టారు. బడిపంతులు కాదు, వ్యాగన్ షాపులో గుమాస్తా, సాయంత్రాలు పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పేవారు కనుక ఊరందరికీ మాస్టారు. శంకర్ గుహా నియోగీ హత్య కేసులో దుర్గ్ సెషన్స్ కోర్టు తీర్పు 1997 జూన్‌లో వచ్చింది. తొమ్మిది మంది ముద్దాయిల్లో ఆరుగురిని దోషులన్నారు, కాల్పులు జరిపిన పల్టన్ మల్లాకు ఉరిశిక్ష, ఇద్దరు పారిశ్రామికవేత్తలతో సహా మిగతా అయిదుగురికి యావజ్జీవం. కూలీ నాయకుణ్ణి చంపించినందుకు డబ్బున్నవాళ్ళు జైలుకెళ్ళడం మా వాడలో ఎవరూ అంతకుముందు విని ఎరగరు. హిందీ పేపరు ఆ రోజు చేతులు మారి మారి, మడతల దగ్గర చిరిగి, చివరికి మాస్టారింటికి చేరింది. ఈ ఏడు నాటకం ఇదే అన్నారాయన.

నియోగీని మావాళ్ళు చూశారు. దల్లీ రాజ్‌హరా ఇనుప గనుల్లో 1977లో ఠేకా కూలీల సంఘం కట్టిన మనిషి, కూలీల చందాలతో, కూలీల చేతులతోనే 1983లో షహీద్ ఆసుపత్రి కట్టించిన మనిషి, 1990 నుంచి భిలాయి ఫ్యాక్టరీల్లో బతకడానికి సరిపడే కూలీ, పర్మినెంటు ఉద్యోగం అడగమని చెబుతూ తిరిగాడు, ఆ గాలి ఉర్లాకూ వచ్చింది. ఎరుపూ ఆకుపచ్చా కలిసిన జెండాలు, అదే రంగు చీరలు కట్టిన ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు వరసలుగా నడిచి వెళ్ళడం నాకు గుర్తుంది. మా బాబాయి ఆ జెండా పట్టుకున్నాడు. మా నాన్న పట్టుకోలేదు. రైల్వేవాళ్ళకు వాళ్ళ యూనియన్లు వాళ్ళకుండేవి, ఠేకా కూలీల గొడవల్లో తలదూర్చడం క్వార్టర్లో ఉండేవాళ్ళకు మర్యాద అనిపించేది కాదు. మా అమ్మకు నియోగీ అంటే తెలిసింది ఒక్కటే, మందు మాన్పించిన మనిషి. సంఘంలో ఉండి తాగితే జరిమానా వేస్తారట అని ఆవిడ చెప్పుకునేది, ఆ మాట అన్నప్పుడు ఆవిడ చూపు మా బాబాయి మీదే ఉండేది.

1991 సెప్టెంబరు 27న ఆయన రాయపూర్ వచ్చి, రాత్రి పొద్దుపోయాక భిలాయి హడ్కో కాలనీలో తానుండే ఇంటికి తిరిగి వెళ్ళి పడుకున్నాడు. తెల్లవారకముందే కిటికీలోంచి నాటు పిస్తోలుతో కాల్చారు. పక్క గదిలో పడుకున్న మనిషి శబ్దానికి లేచి వచ్చాడు. మాస్టారి నాటకంలో మొదటి సాక్షి ఆ మనిషే, అతనితోనే తెర లేస్తుంది.

కోర్టు నాటకమంటే మాకు తెలిసిన కోర్టు సినిమాల్లోది. చట్టానికి కళ్ళు లేవు, జస్టిస్ చౌదరి, అభిలాష, వీడియో పెట్టి పందిట్లో వేసిన సినిమాలు. సుత్తి కొట్టి ఆర్డరు ఆర్డరు అనాలి, భగవద్గీత మీద చెయ్యి పెట్టాలి, లాయరు నల్ల కోటు అంచులు పట్టుకుని అటూ ఇటూ తిరగాలి. బాబాయి మాత్రం దుర్గ్ కోర్టుకు సంఘం వాళ్ళతో వాయిదాలకు వెళ్ళి బయట వరండాలో కూర్చుని వచ్చినవాడు, కొన్నిసార్లు లోపలి గోడవారగా నిలబడినవాడు. రిహార్సల్లో మొట్టమొదటి రాత్రే అడ్డం తగిలాడు.

“మాస్టారూ, సుత్తీ లేదు, గీతా లేదండి. సాచ్చి నెమ్మదిగా చెప్తాడు, జడ్జీ బాబు దాన్ని తిరిగి చెప్తాడు, మిషనోడు కొడతాడు. అంతేనండి. ఒకో మాటకి ఎంతసేపు పడతాదో.”

“మరి జనం కూచోవాలి కదరా,” అన్నారు మాస్టారు.

“ఆలు కూకున్నారండి కోర్టులో. ఏళ్ళ తరబడి కూకున్నారు.”

మాస్టారు ఆ రాత్రి ఇంకేం మాట్లాడలేదు. మర్నాడు సుత్తి తీసేశారు, గీత తీసేశారు, స్టేజీ మీద ఎడమ పక్క ఒక టైపు మిషను పెట్టించారు. రెమింగ్టన్, అద్దెకు తెచ్చింది, హిందీ అక్షరాలది. సాక్షి ఒక వాక్యం చెప్పి ఆగితే జడ్జి దాన్ని మళ్ళీ చెప్పేవాడు, మిషను టకటకలాడేది, అది ఆగాక తర్వాతి వాక్యం. నేను చూసిన తెలుగు నాటకాల్లో డైలాగుకీ డైలాగుకీ మధ్య అంత ఖాళీ ఉంచినది ఇంకోటి లేదు. చూడ్డానికి కష్టంగా ఉండేది. కానీ చెప్పిన మాట చల్లబడేలోపు ఇంకోసారి వినపడటంలో ఏదో బరువుంది. కిటికీ తెరిచి ఉంది అని ఒకడంటే, కిటికీ తెరిచి ఉంది అని ఇంకొకడంటాడు, అప్పుడు అది నిజంగా తెరుచుకుంటుంది.

నా పని ప్రాంప్టింగు. వింగు వెనక స్టూలు మీద కూర్చుని, చిన్న టార్చి లైటుకు ఎర్ర జిలెటిన్ కాగితం కట్టుకుని, కాపీ చూసి అందించడం. ఆ కాపీ ఇప్పుడు ఎవరికైనా చూపిస్తే నమ్మరు. పెద్దవాళ్ళ భాగాలు తెలుగులో కార్బను కాగితాల మీద రాసినవి, కుర్రాళ్ళవి మాత్రం తెలుగు మాటలే నాగరి లిపిలో. మా ఈడు వాళ్ళంతా హిందీ బళ్ళలో చదివినవాళ్ళం, ఇంట్లో గలగలా మాట్లాడే భాషను చదవలేం. హ్రస్వమైన ఎకారానికీ ఒకారానికీ అక్షరం లేదని మాస్టారు వాటి మీద ఎర్ర సిరా చుక్క పెట్టేవారు. పేజీ పేజీకీ ఆ చుక్కలు, సాక్షుల వాంగ్మూలాల నిండా.

పాత్రలు పంచినప్పుడు జరిగింది కూడా చెప్పాలి. జడ్జి, ప్రాసిక్యూషను లాయరు, డిఫెన్సు లాయరు అన్నీ రైల్వేవాళ్ళకే వెళ్ళాయి. సాక్షులు, జవాన్లు, ముద్దాయి పక్కన నిలబడే కానిస్టేబులు ఠేకావాళ్ళకు. ఎవరూ నోరు తెరిచి ఇలా అని తీర్మానించలేదు, కోటు ఎవరికి నప్పుతుందంటే అందరి కళ్ళూ క్వార్టర్ల వైపే తిరిగాయి. కులం సంగతీ అంతే. కూలీ నాయకుడి కోసం వేస్తున్న నాటకంలో కూలీలు నాలుగేసి వాక్యాలు చెప్పి దిగిపోవడం బాబాయికి మింగుడు పడలేదు, అయినా రిహార్సలు మానలేదు.

ఆడపాత్ర ఒక్కటి, హతుడి భార్య. మా వాడలో ఆడపిల్లలెవరూ స్టేజీ ఎక్కేవారు కాదు, ఎక్కనిచ్చేవారూ కాదు. విజయనగరం వైపు నుంచి ఒక నటిని పిలిపించారు, రానూపోనూ టికెట్టు, భోజనం, ఇంత డబ్బు అని మాట. పాసింజరులో తన భాగం అంతా నోటికి పట్టుకుని దిగింది. ఆవిడకు గది ఇవ్వడానికి పెద్ద క్వార్టర్లున్న ఇళ్ళు ఏవో సాకులు చెప్పాయి. నాటకంలో ఆవిడ ఏడిస్తే కళ్ళు తుడుచుకునేవాళ్ళే గుమ్మం దగ్గర తలుపు దగ్గరగా వేశారు. చివరికి బాబాయి ఉండే వాటాలో మగవాళ్ళు బయట మంచాలు వేసుకుని గది ఖాళీ చేశారు. రిహార్సల్లో ఆవిడ అడిగింది ఒక్కటే, “ఈ బాబుకి పిల్లలెంతమందండీ?” ముగ్గురని చెప్పాం. స్టేజీ మీద ఆవిడ ఏడవలేదు. గుక్క తిప్పుకోవడానికి ఆగినట్టు ఆగి, టైపు మిషను కొట్టుకోవడం ఆగేదాకా చూసి, తర్వాతి మాట చెప్పింది. ఏడుపు సీనుకు డబ్బిస్తే ఏడవలేదేమని కమిటీలో ఒకరిద్దరు గొణిగారు. వింగులోంచి చూస్తున్న నేను ఆవిడకు ఒక్క మాట కూడా అందించాల్సి రాలేదు.

టేపు సంగతి. తనను చంపుతారని నియోగీ ముందే ఒక క్యాసెట్లో చెప్పి పెట్టుకున్నాడు, చనిపోయాక అది బయటపడింది. మాస్టారు ఆ ఘట్టం వదులుకోలేకపోయారు. అసలు మాటలు మా దగ్గర లేవు గనుక తానే నాలుగు హిందీ వాక్యాలు రాసి, తన గొంతుతోనే రికార్డు చేశారు, నాటకం మొత్తంలో హిందీ ఉన్నది అక్కడే. జడ్జి బల్ల మీద టేప్‌రికార్డరు, దాని ముందు మైకు. మా వీధి ఛత్తీస్‌గఢీ వాళ్ళు ఏటా వెనక వరసల్లో నిలబడి కాసేపు చూసి వెళ్ళిపోయేవారు, వాళ్ళకు రాత్రంతా సాగే జానపద నాటకం నాచా ఉండగా మా నాటకాలు ఏం ఆనతాయి, నాటక దర్శకుడు హబీబ్ తన్వీర్ పుట్టిన రాయపూర్ ఇది, ఆయన చరణ్‌దాస్ చోర్ ఆడిన మనుషుల ఊళ్ళు చుట్టూ ఉన్నాయి. ఆ రాత్రి వాళ్ళు కదల్లేదు. తెలుగు ముక్క అర్థం కాకపోయినా ఏ సాక్షి తర్వాత ఏ సాక్షి వస్తాడో వాళ్ళకు మాకన్నా ఎక్కువ తెలుసు. టేపు మొదలవగానే వెనక వరసల్లో ఆడవాళ్ళు కూర్చున్నచోటు నుంచి లేచి నిలబడ్డారు. బ్యాటరీలు పాతవి, గొంతు సాగుతూ లావుగా వచ్చింది, అయినా వాళ్ళు అది ముగిసేదాకా అలాగే నిలబడి, తర్వాత కూర్చున్నారు.

చివరి అంకం తీర్పు. జడ్జి వేషం వేసిన మామయ్య వ్యాగన్ షాపులో చార్జిహ్యాండు, గొంతు స్టేజీ దాటి రోడ్డు దాకా పోయేది. దోషులని చదివేసరికి పందిట్లో ఈలలు, చప్పట్లు, ఎవరో టపాసు కూడా పేల్చారు. ఉరి అన్నప్పుడు కొట్టిన చప్పట్లు నాకు ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటాయి. మనిషిని చంపినందుకు ఇంకో మనిషిని చంపుతామంటే అంత సంతోషమేమిటని అప్పుడు తోచలేదు గానీ, మాస్టారికి తోచినట్టుంది, తెర వెనక ఆయన తలపట్టుకుని కూర్చుని ఉన్నారు.

ఏడాది తిరిగింది. అదే నాటకం భిలాయిలో వేయమని ఎవరో తెలుగువాళ్ళు అడిగారు, బోనుకు మళ్ళీ వార్నీషు పట్టించారు, రిహార్సళ్ళు మొదలయ్యాయి. 1998 జూన్‌లో జబల్‌పూర్ హైకోర్టు అందరినీ వదిలేసింది. అందరినీ, కాల్చినవాడితో సహా. దుర్గ్ తీర్పుకు నిండా ఏడాది దాటి మూడు రోజులు.

మూడో అంకం ఏం చేయాలి? మామయ్య పాత తీర్పే చదువుతానన్నాడు, జనానికి తెలిసింది అదే, నచ్చింది అదే. లాయరు వేషం వేసినాయన అసలు మానేద్దాం, పోలీసులతో మనకెందుకన్నాడు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. హైకోర్టు తీర్పును బహిరంగంగా విమర్శించినందుకు రాయపూర్‌లో పౌరహక్కుల సంఘం నాయకుడు రాజేంద్ర సాయిల్ మీద కోర్టు ధిక్కారం కేసు పెట్టారు, ఆరు నెలల జైలు పడింది, చివరికి 2005లో సుప్రీంకోర్టు దాన్ని వారానికి తగ్గించింది. బాబాయి అన్నది వేరు. “రెండూ చదవండి మాస్టారూ. ఒకాయన వచ్చి అది చదవాలి, ఇంకొకాయన వచ్చి ఇది చదవాలి. బోనులో ఉన్నోళ్ళు ఆలే, సాచ్చులు ఈలే.” మాస్టారు అలాగే రాశారు. రెండో జడ్జి పాత్ర కొత్తగా పుట్టింది, దాన్ని బాబాయికే ఇచ్చారు, ఠేకా కూలీ నల్లకోటు వేసుకున్నది ఆ రిహార్సల్లోనే. ఆయన ఆ తీర్పును కోపంగా చదవలేదు, ఎగతాళిగా చదవలేదు. సాక్ష్యం చాలదు, సాక్ష్యం చాలదు అని ఒక్కో పేరు దగ్గరా ఆగి, టైపు మిషను కోసం కాచుకుని, నెమ్మదిగా చదివాడు. దుర్గ్ కోర్టు గోడవారగా నిలబడి విన్న తీరు అది.

భిలాయి ప్రదర్శన జరగలేదు. పిలిచినవాళ్ళు ఈ ఏడు వద్దులెండని కబురు పెట్టారు. ఆ చవితికి మా పందిట్లో ఏదో హాస్యనాటిక వేశారు.

తర్వాత నాటకాలే ఆగాయి, ఆగినట్టు ఎవరికీ తెలియకుండా. వ్యాగన్ షాపులో రిటైరైనవాళ్ళు పెన్షను సొమ్ముతో ఊళ్ళో ఇల్లు కట్టుకుని పోయారు. తెలుగు ఛానళ్ళు డిష్షులో వచ్చాయి, వాటిలో రోజూ కోర్టులు. ఉర్లాకు తోడు సిల్తరాలో స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలొచ్చాయి, షిఫ్టు పన్నెండు గంటలైంది, పన్నెండు గంటలు నిలబడ్డవాడు రాత్రి తొమ్మిదికి వచ్చి ఎవరి డైలాగు బట్టీ పడతాడు? 2000లో ఛత్తీస్‌గఢ్ వేరు రాష్ట్రమైంది, హైకోర్టు బిలాస్‌పూర్‌కు వచ్చింది, బీర్‌గావ్ పంచాయతీ పోయి కార్పొరేషన్ అయింది. నాటకం ఆడిన ఖాళీ స్థలంలో ఇనుప రేకుల గోడౌను లేచింది. చవితి పందిళ్ళు ఇప్పుడు అప్పటికన్నా పెద్దవి, ధుమాల్ బృందాలు ట్రక్కుల మీద డోళ్ళు వాయిస్తూ వస్తాయి, వాటి ముందు తెలుగు పిల్లలూ ఛత్తీస్‌గఢీ పిల్లలూ ఒక్కటిగా గెంతుతారు, ఆడపిల్లలు కూడా, ఎవరూ వాళ్ళను లోపలికి పొమ్మనరు. అది చూసి సంతోషపడని రోజు లేదు నాకు. ఆ పిల్లల్లో ఒక్కరికైనా సాక్షి వేషం వేయించాలని ఒక్కోసారి మనసు లాగుతుంది, అంతే.

2005 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పల్టన్ మల్లా ఒక్కడే దోషి, యావజ్జీవం. మిగతా వాళ్ళు విడుదలైనట్టే. కాల్చిన చెయ్యి మీద నేరం నిలిచింది, కాల్చమన్నదెవరో చివరి తీర్పులో నిలవలేదు. అప్పటికి బాబాయి దగ్గుతో పనికి వెళ్ళడం మానేశాడు, మాస్టారు పార్వతీపురంలో ఉన్నారు. ఆయన దగ్గర్నుంచి ఇన్లాండు కవరు వచ్చింది, ఇంకా ఇన్లాండు కవర్లు రాసేవాళ్ళున్న రోజులు. కొత్త మూడో అంకం మొదలుపెట్టానని, ముగ్గురు జడ్జీలు కావాలని, మీ బాబాయి మూడో వేషానికి వస్తాడేమో అడగమని.

వడ్రంగి బోనును విప్పి, పలకలను మేకల కొట్టానికి వాడుకున్నాడు. టైపు మిషను అద్దెకిచ్చిన కొట్టు ఫొటోస్టాటు కొట్టై, తర్వాత మొబైలు రీచార్జి కొట్టైంది. కాపీ మాత్రం మాస్టారు పోయాక ఆయన కూతురి దగ్గర ఉంది. ఫోనులో ఫొటోలు తీసి పంపింది, కార్బను అక్షరాలు ఊదారంగులోకి తిరిగి, మడతల దగ్గర కరిగిపోయాయి, నాగరి పేజీల మీద ఎర్ర చుక్కలు మాత్రం నిన్న పెట్టినట్టున్నాయి. కంప్యూటర్లో టైపు చేయిద్దాం, ఎవరైనా వేస్తారేమో అని ఆ అమ్మాయి ఆలోచన. మూడో అంకాలు మూడున్నాయి అన్నా, మూడోది సగంలో ఆగింది, నాన్న చేత్తో రాసింది అక్కడితో అయిపోయింది, ఏది వేయమంటావు, ఆ సగాన్ని నువ్వు పూర్తి చేస్తావా అని అడిగింది. పూర్తి చేయొద్దన్నాను. మూడూ టైపు చేయించమన్నాను, ఒక్కోదాని మీదా ఏ కోర్టు, ఏ నెల, ఏ ఏడాదో రాసి, మాస్టారు ఆపిన వాక్యం దగ్గరే ఆపి.